మంచు మిషన్‌కి మెత్త బోల్టు

మంచు తోసే మిషన్ని కువైట్‌లో బాగుచేసేవాణ్ణని చెబితే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఎండదెబ్బకి బుర్ర చెడిందనుకుంటారు. అందుకని ఆ మాట ఎత్తడం మానేశాను. యుద్ధం గురించి అడిగితే మాత్రం విసుగు లేకుండా చెప్తాను. బస్సుల్లో ఎలా కుక్కారో, ఎడారిలో డేరాల దగ్గరికి నీళ్ళ ట్యాంకరు వస్తే ఎలా ఎగబడ్డామో, అమ్మాన్‌లో విమానం ఎక్కేటప్పుడు ఎవరి చెప్పులు ఎవరు తొడుక్కున్నారో అన్నీ చెప్తాను. అవి అందరం పడ్డ పాట్లు, చెప్పుకుంటే సిగ్గు లేదు. ఆ మిషన్ దగ్గర జరిగింది మాత్రం నా ఒక్కడిదీ. అది గుర్తొస్తే అన్నం ముందు కూర్చున్నవాణ్ణి కూడా లేచి అవతలికి పోతాను. మా ఆవిడ ఉప్పు ఎక్కువైందేమో అనుకుంటుంది.

మా కఫీల్‌కి, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, సౌదీ సరిహద్దు దగ్గర వఫ్రాలో తోట ఉండేది. ఇల్లు రుమైథియాలో; తోటకి సెలవు రోజుల్లో వచ్చేవాడు. దోసకాయలు, టమాటాలు, కాసిని ఖర్జూరపు చెట్లు, ఒక గొర్రెల దొడ్డి. పనివాళ్ళం ఇద్దరం. నేను నీళ్ళ మోటార్లూ ట్రాక్టరూ చూసుకునే మెకానిక్కుని. రెండో మనిషి ట్రాక్టరు డ్రైవరు, రాయచోటి సాయిబు. నాదీ ఆ పక్క పల్లెటూరే. నాకంటే పెద్దవాడు కనక ఆయన్ని అన్నా అనేవాణ్ణి. కఫీల్ని మాత్రం ఇద్దరం బాబా అనేవాళ్ళం. అక్కడ పనివాళ్ళు యజమానిని అలాగే పిలుస్తారు.

తారు రోడ్డు నుంచి తోటలోకి మట్టిదారి. గాలి లేచిందంటే ఆ దారి మీద ఇసుక మోకాలెత్తున పేరుకునేది. పారలతో ఎత్తిపోసి ఎత్తిపోసి మా నడుములు పడిపోయేవి. ఒక ఏడు బాబా ఏదో చలిదేశం వెళ్ళొచ్చాడు. అక్కడ ట్రాక్టరు వెనక తగిలించి రోడ్డు మీది మంచుని పక్కకి విసిరేసే మిషన్ చూశాడట. మంచుని విసిరేది ఇసుకని మాత్రం విసరదా అని దాన్ని ఓడలో తెప్పించాడు. చుట్టుపక్కల తోటల వాళ్ళు చూడ్డానికి వచ్చి నవ్వుకుంటూ పోయారు. అన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి మంచు యాడ తెచ్చి పెడతాం అబ్బీ" అన్నాడు.

మిషన్‌కి ముందు పెద్ద నోరు. నోట్లో అడ్డంగా ఇనుప మర, కీమా కొట్టే మిషన్లో ఉండేలాంటిదే, కాకపోతే మనిషంత పొడవు. అది తిరిగి ఇసుకని లోపలికి లాగితే, వెనక ఉన్న ఫ్యాను పొగగొట్టంలాంటి దానిలోంచి దూరంగా విసిరేస్తుంది. తిప్పేదంతా ట్రాక్టరు ఇంజనే. ట్రాక్టరు వెనక నుంచి ఒక షాఫ్టు వచ్చి మిషన్ గేరుపెట్టెకి తగులుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే ట్రాక్టర్ని వెనక్కి నడుపుతూ ఆ పని చెయ్యాలి. రోజంతా తల వెనక్కి తిప్పి నడిపీ నడిపీ అన్నకి మెడ పట్టేసేది.

షాఫ్టుకీ గేరుపెట్టెకీ మధ్య రెండు ఇనుప బిళ్ళలు ఉంటాయి. ఆ రెంటినీ కలిపి పట్టుకునేది ఒకే ఒక్క బోల్టు. అది కావాలని మెత్తటి ఇనుముతో చేసిన బోల్టు. మరలో రాయి ఇరుక్కుందనుకోండి, ఆ బోల్టు పుటుక్కున తెగుతుంది. షాఫ్టు ఉత్తినే తిరుగుతుంది. మరా, గేర్లూ, ట్రాక్టరూ బతికిపోతాయి. రాయి తీసేసి, కొత్త బోల్టు వేసుకుని, పని మొదలుపెట్టుకోవడమే. మంచు కన్నా ఇసుక బరువు కదా, మాకు అది మాటిమాటికీ తెగేది. మిషన్‌తో వచ్చిన డబ్బాడు బోల్టులూ అయిపోయాయి.

అప్పుడు నేను మన ఊరి తెలివి చూపించాను. మా వైపు ట్రాక్టరుకి ఏ పిన్ను ఊడిపోయినా ఆ కన్నంలో పట్టే ఏదో ఒక ఇనుపముక్క దిగ్గొట్టి పని కానిస్తాం. అది తెగిందంటే ఇంకా గట్టిది పెడతాం. తెగడం కోసమే ఒకడు పనిగట్టుకుని బోల్టు చేస్తాడని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. పాత లారీ కమాను కట్టలోంచి ఊడదీసిన ఉక్కు బోల్టు తెచ్చి బిగించాను. ఆ పొద్దంతా మిషన్ ఆగకుండా నడిచింది. నేను మీసం మెలేసుకుంటూ నిలబడ్డాను. సాయంత్రం మరలో రాయి పడింది. బోల్టు చెక్కుచెదరలేదు, గేరుపెట్టె మాత్రం నిలువునా పగిలింది.

బాబా వచ్చాడు. బోల్టు ఊడదీయించి చేతిలో పెట్టుకుని చూశాడు. పక్క తోటల వాళ్ళు, పాలస్తీనా నుంచి వచ్చిన లారీ డ్రైవరు, అన్న, అందరూ అక్కడే ఉన్నారు. తల దించుకుని నిలబడ్డ నన్ను చెంప మీద కొట్టాడు. "హిమార్" అన్నాడు. గాడిద అని. తర్వాత అక్కడే ఇసుకలో గొంతుక్కూర్చుని, పుల్లతో గీసి, ఆ బోల్టు ఎందుకు మెత్తగా ఉండాలో ఓపిగ్గా చెప్పాడు. అప్పటికి నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. చెప్పింది తలకెక్కింది, కొట్టింది కడుపులోకి పోయింది. మర్నాడు ఆయన మామూలుగానే పలకరించాడు. పొగరు కాదు, నిజంగానే మర్చిపోయాడు. కొత్త గేరుపెట్టె ఓడలో తెప్పించాక మెత్త బోల్టులు ఫహాహీల్లో ఒక లేతు షాపులో చేయించి తెచ్చుకునేవాళ్ళం. వాటిని ఎవరూ ముట్టుకోకుండా నా పెట్టెలో దాచుకునేవాణ్ణి.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. బాబా భార్యా పిల్లలూ సెలవులకి ముందే దేశం దాటి వెళ్ళారు, అది వాళ్ళ అదృష్టం. ఆయన ఒక్కడే చిక్కుకుపోయాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు పోలీసు ఉద్యోగం చేసి మానేసినవాడు. అలాంటి వాళ్ళ కోసం రుమైథియాలో ఇల్లిల్లూ వెతుకుతున్నారనీ, పక్కింటి ఆయన్ని జీపులో ఎక్కించుకుపోయారనీ, ఆయన మళ్ళీ రాలేదనీ చెప్పాడు. సరిహద్దు దాటుదామని మా తోట దాకా వచ్చాడు గానీ అప్పటికే ఆ ఎడారి అంతా సైనికులు. ముందుకి పోలేడు, వెనక్కి పోలేడు. వస్తూ వస్తూ తన దగ్గరున్న మా పాస్‌పోర్టులు తెచ్చి మా చేతుల్లో పెట్టాడు. "మీరైనా వెళ్ళిపోండి" అన్నాడు.

వెళ్ళాలనే ఉంది, కానీ మనవాళ్ళని జోర్డాన్ వైపు తీసుకుపోయే బస్సుల సంగతి ఇంకా తేలలేదు. ఈలోగా ఈయన్ని ఏం చెయ్యాలి? ఉపాయం చెప్పింది అన్న.

"మీసం తీసేయమను. నా పైజామా చొక్కా తొడిగించి టోపీ పెడతాం. హైదరాబాద్‌లో బార్కస్ అని ఉండాదిలే, ఆడ ఉండే సాయిబులు పాతకాలంలో అరబ్బు దేశాల నుంచి వచ్చినోళ్ళు. మొగాలు అచ్చం వీళ్ళ మాదిరే ఉంటాయి. ఆయప్ప బార్కస్ మనిషి, మనకి హెల్పర్ అంటాం."

"కాగితాలు అడిగితేనో?"

"కఫీల్ దగ్గరుండాయంటాం. కువైట్‌లో ఆ మాట నమ్మనోడు ఎవుడుంటాడు."

బాబాకి హిందీ వచ్చు. వాళ్ళ నాన్న ఓడల్లో ఖర్జూరాలు బొంబాయికి తోలిన రోజుల్లో కుర్రతనమంతా అక్కడే గడిపాడట. ఆయన కాగితాలు గొర్రెల దొడ్డి కింద పాతిపెట్టాం. ఆయన మాతోనే, మా రేకుల గదిలోనే పడుకునేవాడు. గిన్నెలు తోమడం, గొంతుక్కూర్చుని ఉల్లిపాయలు తరగడం, భుజాలు వంచి నడవడం అన్నీ నేర్చుకున్నాడు. మేం మాట్లాడే వచ్చీరాని అరబ్బీ కూడా. "అనా మాఫీ మాలూమ్", నాకు తెలీదు అని చెప్పడానికి మేం అనే మాట. అది విని ఒకప్పుడు పడీ పడీ నవ్వేవాడు. ఇప్పుడు దాన్ని మా చేత పలికించుకుని, పాఠం లాగా వల్లె వేసేవాడు.

ఆయన అన్నీ నేర్చుకున్నాడు. నేర్చుకోలేనిది నేను. ఆయన గదిలోకి వస్తే నా కాళ్ళు వాటంతట అవే లేచేవి. టీ గ్లాసు ముందు ఆయనకే చాపేవాణ్ణి. అన్న నన్ను చాటుకి పిలిచి తిట్టాడు.

"నువ్వు లేసి నిలబడితే చూసేటోనికి తెల్దా? నీ మర్యాద ఆయప్ప పానం తీస్తాది. కూచో. ఆయప్ప నిలబడినా నువ్వు కూచో."

సరేనన్నాను. కూర్చునేవాణ్ణి. పిరుదుల కింద నిప్పులున్నట్టు ఉండేది.

మా తోటకి అవతల దిబ్బల్లో సైనికులు గుంతలు తవ్వుకుని, ఇసుక బస్తాలు పేర్చుకుని మకాం పెట్టారు. వాళ్ళ లారీలకి మా మట్టిదారే దిక్కు. దాన్ని ఇసుక మూసెయ్యకుండా చూడమని వాళ్ళ అధికారి అన్నకి హుకుం వేశాడు. సన్నటి మనిషి, పెద్ద వయసు లేదు. ఎప్పుడు వచ్చినా మా తోటలో దోసకాయ కోసుకుని, చొక్కాకి తుడుచుకుని కొరుక్కుంటూ తిరిగేవాడు. పలకరిస్తే నవ్వేవాడు కూడా. అలాంటివాడంటే నాకు ఎక్కువ భయం వేసేది.

ఒక పొద్దున అన్న ట్రాక్టర్ని షెడ్డు ముందుకి తెచ్చి నిలబెట్టి దిగాడు.

"బోల్టు తెగినాది అబ్బీ. ఇంకోటి ఏసినా. ఏసింది ఏసినట్టే తెగుతాండాది. ఆ ఆఫీసరు చూస్తానే ఉండాడు, జీపులో వస్తాండాడు."

అనుకున్నట్టే జీపు వచ్చి ఆగింది. అధికారీ, తుపాకులతో ఇద్దరు సైనికులూ దిగారు. గదిలో ఎవరున్నారో అందర్నీ బయటికి రమ్మన్నాడు. బాబా తల వంచుకుని వచ్చి మా వెనక నిలబడ్డాడు.

"మీరే చెడగొడుతున్నారు" అన్నాడు అధికారి. "నా దారి మూసుకుపోతే మీకు సంబరం."

"లేదు సార్. ఇది తెగే బోల్టే."

అధికారి జీపులోని సామాన్ల డబ్బాలోంచి ఒక బోల్టు తీయించి నా చేతిలో పెట్టాడు. ఉక్కుది. బరువు చూడగానే తెలిసింది. "ఇది తెగదు, పెట్టు" అన్నాడు. ఇది పెడితే లోపలి గేరుపెట్టె పగులుతుందనీ, అప్పుడు మిషన్ ఇక లేవదనీ నా వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. నా ఒంటి మీది దెబ్బతో నేర్చుకున్న పాఠం కదా, తడుముకోకుండానే చెప్పాను. బాబా నా వెనకే ఉన్నాడు. ఆయన వైపు చూడలేదు.

"అయితే ఎందుకు తెగుతోందో నా కళ్ళ ముందు చూపించు. చూపించలేకపోతే ముగ్గురూ జీపెక్కండి."

అదీ సంగతి. జీపెక్కితే మా ఇద్దరినీ నాలుగు తన్ని వదిలేస్తారేమో. బాబాని వదలరు. వాళ్ళ మకాంలో అరబ్బీ తెలిసినవాళ్ళే అందరూ, ఒక్క గంట మాట్లాడిస్తే ఆయన ఎవరో తేలిపోతుంది.

తెగిన ముక్కలు తీసి చూశాను. కన్నం అరిగిపోయి బోల్టు వదులుగా ఊగి తెగితే దాని ముఖం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఇది నున్నగా, కొత్త రూపాయిలా మెరుస్తోంది. అంటే ఒక్క దెబ్బకే తెగింది. కన్నాలు సరిగ్గానే ఉన్నాయి. బోల్టు నేను చేయించిందే. ఇంజను ఎక్కువ వేగం మీద ఉండగా షాఫ్టు కలిపావా అని అన్నని అడిగాను. "నాకు తెల్దా, మెల్లగానే కలిపినా" అన్నాడు. ఇక మిగిలింది మర. బోల్టు లేదు కనక ఇప్పుడు మర దానికదిగా తిరగాలి. రెండు చేతులా పట్టుకుని తిప్పాను. కాస్త కదిలి బిగుసుకుపోయింది. నోట్లో రాయి కనపడలేదు. అంటే చివర, బేరింగు దగ్గర, రేకు మూత చాటున ఏదో పట్టేసింది. నేల మీద వెల్లకిలా పడుకుని, చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి తడిమితే గానీ తెలియదు.

నేను పడుకోబోయాను.

"ఉస్తాద్ పడుకుంటే హెల్పర్ నిలబడి చూస్తాడా?" అన్నాడు అధికారి. తర్వాత బాబా వైపు తిరిగి, "ఏ ఊరు నీది?" అని అరబ్బీలో అడిగాడు.

బాబా వెర్రిమొహం పెట్టి, "అనా మాఫీ మాలూమ్ అరబీ. అనా హైదరాబాద్" అన్నాడు. ఎంత బాగా అన్నాడంటే సైనికులిద్దరూ నవ్వారు. ఆయన వచ్చి మిషన్ పక్కన నేల మీద చతికిలబడి, పడుకోవడానికి వంగాడు. నేలంతా నూనె మడ్డి.

అప్పుడు నేను చేసింది నేను చేసింది కాదు, నా చెయ్యి చేసింది. భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, ఆయన వీపు కింద పరిచాను. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నేల మీద కూర్చోబోతే అలా పరవడం చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఎవరూ నేర్పరు, ఎవరూ గమనించరు. అధికారి గమనించాడు. దోసకాయ నమలడం ఆపేశాడు.

"ఇతను నీకేమవుతాడు?"

"హెల్పర్ సార్."

"హెల్పర్‌కి పక్క పరుస్తారా మీ దేశంలో?"

అన్న కల్పించుకుని, వయసులో పెద్దవాడని, అంతేనని ఏదో సర్దబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. బాబా అవేవీ తనకి తెలియనట్టు చెయ్యి లోపలికి పెట్టి తడుముతున్నాడు. "గుడ్డ చుట్టుకుంది, తాడులాగా" అన్నాడు హిందీలో. కొయ్యడానికి కత్తి కావాలి, మూత తియ్యడానికి పానా కావాలి. మూత బోల్టులు నేను విప్పుతానని, ఆయన పక్కనున్న పానా ఇమ్మన్నాను. ఆయన పడుకునే చేతికందింది ఇచ్చాడు. సైజు తప్పు. నేను మాట్లాడకుండా వంగి సరైంది తీసుకున్నాను.

"మా నాన్నకి లారీల షెడ్డు ఉంది" అన్నాడు అధికారి, నెమ్మదిగా, కథ చెప్తున్నట్టు. "హెల్పర్ తప్పు పానా ఇస్తే మా నాన్న ఏం చేస్తాడో తెలుసా? అక్కడ పెరిగాను నేను. నువ్వేమో ఏమీ అనవు. తువ్వాలు పరుస్తావు. కొట్టు అతన్ని."

నేను పళ్ళికిలించాను. అది వేళాకోళమైతే బాగుండునని.

"కొట్టు."

ఒక సైనికుడు తుపాకీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. అన్న నేల చూపులు చూస్తున్నాడు. నేను కదల్లేదు. నేను కదలకపోవడమే బాబాని పట్టిస్తుందని తెలుసు, అయినా కదల్లేకపోయాను. అప్పుడు బాబానే లేచాడు. ఒంటికి మడ్డి అంటుకుని ఉంది. వచ్చి నా ముందు తల వంచుకుని, చేతులు రెండూ వేలాడేసుకుని నిలబడ్డాడు. సరిగ్గా మేం నిలబడేటట్టే.

కొట్టాను.

ఏదో లాంఛనంగా చెయ్యి విసురుదామనే ఎత్తాను. ఎత్తిన చెయ్యి ఎక్కడినుంచి అంత బలం తెచ్చుకుందో, ఆయన పక్కకి తూలి మిషన్ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. టోపీ ఇసుకలో పడింది. నా నోట్లోంచి "హిమార్" అని వచ్చింది. తిట్టమని ఎవరూ అనలేదు. కొట్టమన్నారు, అంతే. ఆ మాట మాత్రం నా సొంతం. ఇంకా సిగ్గుచేటు చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు హాయిగా ఉంది. గేరుపెట్టె పగిలిన రోజు మింగిందంతా ఒక్కసారిగా కక్కేసినట్టు, ఒళ్ళు తేలికపడింది. భయం, సిగ్గు, అవన్నీ ఆ తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది ఆ హాయి. ఒక మనిషి ప్రాణం నా చేతిలో ఉన్నప్పుడు నేను పాత బాకీ తీర్చుకున్నాను.

అధికారి పకపకా నవ్వాడు. "ఖలాస్, పని చూడండి" అని మళ్ళీ దోసకాయ కొరకడం మొదలుపెట్టాడు.

బాబా టోపీ తీసి పెట్టుకుని మళ్ళీ పడుకున్నాడు. ఈసారి తువ్వాలు మీద కాదు, దాన్ని పక్కకి తోసేసి మడ్డిలోనే పడుకున్నాడు. నేను మూత విప్పాను. ఆయన కత్తితో కోసి కోసి లాగాడు. నైలాను గుడ్డ. వేడికి కరిగి, బేరింగు చుట్టూ తారులాగా గట్టిపడిపోయింది. పేలికలు బయటికి వచ్చాక చూస్తే అది ఇసుక బస్తా గుడ్డ, వాళ్ళ గుంతల దగ్గర పేర్చుకున్న బస్తాలదే. ఏదో చిరిగింది గాలికి కొట్టుకొచ్చి దారిలో పడి ఉంటుంది, మర దాన్ని మింగింది. అధికారి ఆ పేలికల్ని బూటుతో ఒకసారి కదిపి చూశాడు.

మరని చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. కొత్త మెత్త బోల్టు వేసి, నట్టు బిగించి, ఇంజన్ని తక్కువ వేగం మీద పెట్టి షాఫ్టు కలపమని అన్నకి సైగ చేశాను. మిషన్ కదిలింది. దారిలో మొదటి ఇసుక కుప్ప మీదికి పోయి, దాన్ని పొగలాగా పక్కకి చిమ్మింది. బోల్టు తెగలేదు. అధికారి నా భుజం తట్టి మంచి ఉస్తాద్‌వి అన్నాడు. సైనికులు సంచి నిండా దోసకాయలు కోసుకున్నారు. జీపు వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి బస్సుల సంగతి తెలిసి అన్నా నేనూ బయల్దేరాం. బాబాని పక్క తోటలో ఉన్న ఆయన మేనల్లుడి మనుషుల దగ్గర వదిలి వచ్చాం. ఆయన బతికాడు. యుద్ధం అయ్యాక మా ఇద్దరికీ మళ్ళీ వీసాలు పంపాడు. అన్న వెళ్ళాడు, ఎన్నో ఏళ్ళు చేశాడు, బాబా పిల్లల పెళ్ళిళ్ళు కూడా చూశాడు. నేను నడుం నొప్పని చెప్పి పోలేదు. మా ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. నడుం నొప్పి నిజం కాదని ఆమెకి తెలుసు, ఏది నిజమో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. జీపు పోయినప్పటి నుంచీ నేను షెడ్డులోంచి బయటికి రాలేదు. తుడిచిన పానాల్నే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాను. ఎండ తగ్గాక అన్న వచ్చి, "రా, ఆయప్ప నీకోసరం తినకుండా కూచోనుండాడు" అని రెక్క పట్టుకుని లాక్కుపోయాడు.

బాబా గది ముందు చాప మీద కూర్చుని ఉన్నాడు. ముందు రొట్టెలూ, పప్పూ. ఎడమ చెంప ఉబ్బి, నా వేళ్ళు ఎక్కడెక్కడ పడ్డాయో తెలిసేటట్టు కమిలిపోయి ఉంది. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. వెళ్ళి ఆయన పాదాల మీద పడబోయాను. ఆయన చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "వద్దు. మనిషికి మనిషి అలా వంగకూడదు. అది అల్లాకే" అన్నాడు. దాంతో నా దగ్గరున్న ఆ ఒక్క దారీ మూసుకుపోయింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. అన్న భుజం పట్టి చాప మీద కూర్చోబెట్టాడు.

బాబా రొట్టె తుంచి నా పళ్ళెంలో పెట్టాడు. నమలడానికి ఆయనకి కష్టంగా ఉంది, కుడివైపే నములుతున్నాడు. పెదవి వాచి మాట సగం సగంగా వస్తోంది.

"నీకు కొట్టడం రాదు. మనసు ఒప్పక మెల్లగా కొట్టావు, నాకు తెలిసింది. అతను నమ్మడేమోనని భయపడ్డాను. మళ్ళీ వస్తే ఇంకొంచెం గట్టిగా కొట్టు."

అంతకంటే గట్టిగా కొట్టే బలం నా ఒంట్లో లేదు. "సరే బాబా" అన్నాను.